డల్లాస్‌లో షాపులు అమ్మి కడపలో కాంప్లెక్స్ కొంటే 1031 వర్తిస్తుందా? కర్నూలు స్థలం మార్పిడికి పన్ను ఉంటుందా?

ఏడురోడ్లు_కడప

అందరికీ నమస్కారం. రెండు విషయాల మీద తెలిసినవాళ్లు సలహా ఇవ్వండి.

మొదటిది. డల్లాస్ దగ్గర మా బావమరిదికీ అతని స్నేహితుడికీ కలిపి వరసగా షాపులున్న ఒక కమర్షియల్ బిల్డింగు ఉంది. చెరిసగం వాటాతో పెట్టుకున్న ఎల్‌ఎల్‌సీ (అక్కడి ఒక రకం కంపెనీ) పేరు మీద 2014లో 12 లక్షల డాలర్లకు కొన్నారు. ఇప్పుడు 20 లక్షల డాలర్లకు బేరం కుదిరింది. బ్యాంకు బాకీ 6 లక్షల డాలర్లు. ఇన్నేళ్లలో రిటర్నుల్లో చూపించిన డిప్రిసియేషన్ (బిల్డింగు అరుగుదల కింద ఏటా తగ్గించే మొత్తం) 2,75,000 డాలర్లు. కమిషన్, టైటిల్ ఖర్చులు కలిపి లక్ష డాలర్లు పోతాయంటున్నారు. క్లోజింగ్, అంటే అమ్మకం పూర్తయ్యేది, వచ్చే నెలాఖరుకి.

అక్కడి బ్రోకరు పంపిన కాగితం నిండా 1031, క్యూఐ, బూట్, రీక్యాప్చర్, క్యాప్ రేట్, ట్రిపుల్ నెట్, ఎస్టాపెల్ అని ఉంది. డబ్బు బావమరిది ఖాతాలోనే వేయించుకుని, 45 రోజుల్లోపు ఇంకో ఆస్తి చూసుకుంటే పన్ను పడదని ఎవరో చెప్పారట. అతని ఆలోచన ఏమంటే, ఆ డబ్బుతో ఇక్కడ కడపలో ఏడురోడ్ల దగ్గర ఒక కాంప్లెక్స్ కొనాలని. ధర 3 కోట్లు. కింద ఆరు షట్టర్లు, పైన ఒక బ్యాంకు బ్రాంచి, మొత్తం బాడుగ నెలకు 1,50,000. స్నేహితుడికి మాత్రం ఇంకో ఆస్తి వద్దు, వాటా డబ్బు చేతికిస్తే చాలంటున్నాడు.

రెండోది ఇక్కడి సంగతి. కర్నూలులో మా తాత నుంచి వచ్చిన ఖాళీ స్థలం నా పేరు మీద ఉంది. పార్క్ రోడ్డులో మా చిన్నాన్న కొడుక్కి షాపుంది. రెండూ మార్చుకుందామనుకుంటున్నాం. డబ్బు చేతులు మారదు కాబట్టి మార్పిడి దస్తావేజు రాసుకుంటే పన్నే ఉండదని డాక్యుమెంట్ రైటర్ చెప్పారు. నిజమేనా?

పెన్నా_లెక్కలు

1031 అంటే, స్థిరాస్తి అమ్మి ఆ డబ్బుతో ఇంకో స్థిరాస్తి కొంటే లాభం మీద పన్నును వాయిదా వేసే అమెరికా పన్ను సెక్షన్. ముందు అర్జెంటుది చెప్తా. క్లోజింగ్ డబ్బు మీ బావమరిది ఖాతాలో గానీ, ఎల్‌ఎల్‌సీ ఖాతాలో గానీ ఒక్క పూట పడినా 1031 అక్కడితో పోయినట్టే. తర్వాత నాలుగు రోజుల్లో ఆస్తి కొన్నా తిరిగి రాదు. చేతికి తీసుకోకపోయినా, కావాలంటే తీసుకునే హక్కు ఉంటే చాలు, తీసుకున్నట్టే లెక్క కడతారు. కన్‌స్ట్రక్టివ్ రిసీట్ అనే మాటకు అర్థం ఇదే.

అందుకే మధ్యలో క్యూఐ, అంటే క్వాలిఫైడ్ ఇంటర్మీడియరీ ఉంటారు. క్లోజింగ్‌కు ముందే క్యూఐతో ఎక్స్చేంజ్ అగ్రిమెంట్ సంతకం కావాలి. అమ్మకం కాంట్రాక్టులో అమ్మేవాళ్ల హక్కును క్యూఐకి అసైన్ చేసి, ఆ సంగతి కొనేవాళ్లకు రాతపూర్వకంగా తెలపాలి. డబ్బు టైటిల్ కంపెనీ (అక్కడ క్లోజింగ్ జరిపించే సంస్థ) నుంచి నేరుగా క్యూఐ దగ్గరకు పోయి, అక్కడినుంచి కొత్త ఆస్తి అమ్మేవాళ్లకు పోతుంది. తన సీపీఏనో (అక్కడి ఆడిటర్), లాయర్నో, బ్రోకర్నో క్యూఐగా పెట్టుకోవడం కుదరదు. గత రెండేళ్లలో అలాంటి పని చేసిపెట్టినవాళ్లూ, దగ్గరి బంధువులూ పనికిరారు. క్యూఐలకు ఫెడరల్ లైసెన్సు అంటూ లేదు. 2008 చివర్లో ఒక పెద్ద క్యూఐ సంస్థ దివాలా తీసినప్పుడు ఎక్స్చేంజ్ మధ్యలో ఉన్నవాళ్ల డబ్బు కోర్టులో ఇరుక్కుంది. కాబట్టి ఫీజు ఎంత అనే ప్రశ్న తర్వాత. ఈ డబ్బును విడి ఖాతాలో పెడతారా, ఇద్దరి సంతకాలు లేకుండా బయటికి పోకుండా ఎస్క్రో ఉందా అని ముందు అడగమనండి.

ఇక కడప సంగతి. అన్నా, కుదరదు. 1031లో అమెరికాలోని స్థిరాస్తికి అమెరికాలోని స్థిరాస్తి మాత్రమే లైక్-కైండ్, అంటే ఒకే తరహా ఆస్తి. బయటి దేశపు ఆస్తి లైక్-కైండ్ కాదని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది. అమెరికా లోపల అయితే వెసులుబాటు చానా ఎక్కువ. షాపులు అమ్మి అపార్ట్‌మెంట్లు కొనొచ్చు, గోడౌన్ కొనొచ్చు, ఖాళీ భూమి కూడా కొనొచ్చు. సొంతంగా కాపురముండే ఇంటికీ, కొని వెంటనే అమ్మే వ్యాపారపు సరుకుకూ వర్తించదు. 2018 నుంచి యంత్రాలు, వాహనాల్లాంటివాటిని కూడా తీసేశారు, స్థిరాస్తి ఒక్కటే మిగిలింది.

అసలు పన్నెంత పడుతుందో చూస్తే ఈ తంటా అంతా ఎందుకో తెలుస్తుంది. కొన్న ధర 12,00,000లో డిప్రిసియేషన్ 2,75,000 తీసేస్తే పుస్తక విలువ 9,25,000. దాన్నే అడ్జస్టెడ్ బేసిస్ అంటారు. అమ్మకం 20,00,000లో ఖర్చులు పోను 19,00,000. లాభం 9,75,000. చానామంది 20 లోంచి 12 తీసి 8 లక్షలే లాభం అనుకుంటారు, అక్కడే దెబ్బ తింటారు. ఈ లాభంలో డిప్రిసియేషన్ వాటా 2,75,000 మీద 25 శాతం దాకా పన్ను, అంటే 68,750. రీక్యాప్చర్ అంటే అదే. మిగిలిన 7,00,000 మీద పై శ్లాబులో 20 శాతం లెక్కన 1,40,000. దీనిమీద నెట్ ఇన్వెస్ట్‌మెంట్ ఇన్‌కమ్ టాక్స్ 3.8 శాతం కూడా పడితే 37,050. మొత్తం 2,45,800 డాలర్లు, ఇద్దరి వాటా కలిపి. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపన్ను లేదు కాబట్టి ఇంతటితో ఆగింది. ఇది గరిష్ఠపు లెక్క. వాళ్ల మిగతా ఆదాయాన్ని బట్టి తగ్గొచ్చు.

ఈ పన్నంతా వాయిదా పడాలంటే మూడూ జరగాలి: కొత్త ఆస్తి 19,00,000కు తక్కువ కాకూడదు, అప్పు తీర్చాక చేతికి రావలసిన 13,00,000 మొత్తం అందులోకే పోవాలి, తీర్చేసిన 6,00,000 అప్పుకు బదులు అంత కొత్త అప్పో సొంత డబ్బో రావాలి. ఎక్కడ తక్కువైతే అక్కడ బూట్, అంటే పన్ను పడే భాగం, తేలుతుంది. ఉదాహరణకు 16,00,000కు కొని, క్యూఐ నుంచి 12,00,000, కొత్త లోను 4,00,000 పెట్టారనుకోండి. మిగిలిన లక్ష నగదు బూట్, తగ్గిన అప్పు 2,00,000 మార్ట్‌గేజ్ బూట్. కలిపి 3,00,000 మీద ఆ సంవత్సరమే పన్ను. చేతికి లక్షే వచ్చినా మూడు లక్షల మీద పన్నెందుకని గొడవపడేవాళ్లు ఈ అప్పు సంగతి గమనించక పడతారు.

పన్ను మాఫీ కాదు, వాయిదా మాత్రమే. 19,00,000 పెట్టి కొన్నా కొత్త ఆస్తి బేసిస్ అదే 9,25,000గా మోస్తారు. రేపు మామూలుగా అమ్మితే పాత లాభం, కొత్త లాభం కలిసి ముందుకొస్తాయి. యజమాని అమ్మకుండానే కాలం చేస్తే వారసులకు ఆనాటి మార్కెట్ విలువే బేసిస్ అవుతుంది, ఆ దారిలో మాత్రం పాత లాభం మీద పన్ను పోతుంది.

గడువులు క్లోజింగ్ రోజు నుంచే మొదలు. 45 రోజుల్లో కొనబోయే ఆస్తులేవో రాసి సంతకం పెట్టి క్యూఐకి ఇవ్వాలి, 180 రోజుల్లో కొనుగోలు పూర్తవ్వాలి. 45 అయ్యాక ఇంకో 180 కాదు, రెండూ ఒకేసారి నడుస్తాయి. శని, ఆదివారాలు, పండగలు అన్నీ లెక్కలోకే. విలువతో నిమిత్తం లేకుండా మూడు ఆస్తులు రాయొచ్చు. మూడు దాటితే వాటి మొత్తం విలువ అమ్మినదానికి రెండింతలు మించకూడదు. 'ఫలానా ఊళ్లో ఒక షాపు' అని రాస్తే చెల్లదు, వీధి చిరునామానో లీగల్ వివరణో ఉండాలి. ఇంకో మెలిక: 180 రోజులు, ఆ సంవత్సరపు రిటర్ను గడువు, ఈ రెండింట్లో ఏది ముందొస్తే అదే ఆఖరు. నవంబరు 20న క్లోజింగ్ అయితే 45వ రోజు జనవరి 4, 180వ రోజు మే 19. కానీ రిటర్నుకు ఎక్స్‌టెన్షన్ (గడువు పొడిగింపు) పెట్టకపోతే గడువు రిటర్ను తేదీతోనే ముగుస్తుంది. ఎల్‌ఎల్‌సీ పార్ట్‌నర్‌షిప్ కాబట్టి వాళ్ల రిటర్ను తేదీ మార్చి 15, వ్యక్తులకున్నట్టు ఏప్రిల్ 15 కాదు. అది చూసుకోకుండా ఫిబ్రవరిలోనే రిటర్ను వేసేస్తే ఎక్స్చేంజ్ మధ్యలో కూలుతుంది.

మీ కేసులో నాకు ఎక్కువ బెంగగా ఉన్నది స్నేహితుడి వాటా. అమ్మేది ఎల్‌ఎల్‌సీ, కాబట్టి కొనాల్సిందీ అదే ఎల్‌ఎల్‌సీ. మీ బావమరిది వెళ్లి తన సొంత పేరు మీద కొంటే చెల్లదు. ఎల్‌ఎల్‌సీలో వాటాను ఎక్స్చేంజ్ చేయడమూ కుదరదు. వాడుకలో ఉన్న దారి ఏమంటే, అమ్మకానికి ముందే ఎల్‌ఎల్‌సీ ఆస్తిని ఇద్దరి పేర్ల మీద చెరిసగం ఉమ్మడి యాజమాన్యంగా దస్తావేజు మార్చి, తర్వాత ఎవరి వాటా వాళ్లు అమ్మడం. స్నేహితుడు పన్ను కట్టి డబ్బు తీసుకుంటాడు, మీ బావమరిది తన సగానికి 1031 చేసుకుంటాడు. దీన్ని డ్రాప్ అండ్ స్వాప్ అంటారు. క్లోజింగ్‌కు రెండు వారాల ముందు మారిస్తే, పెట్టుబడి కోసం ఉంచుకున్న ఆస్తి ఎలా అవుతుందని ఐఆర్‌ఎస్ (అమెరికా పన్ను శాఖ) అడిగే అవకాశం ఉంది. మీకు ఇప్పటికే బేరం కుదిరింది, ఇది ఆలస్యమే. పైగా లోను ఉంది కాబట్టి దస్తావేజు మార్పుకు బ్యాంకు ఒప్పుకోవాలి. వచ్చే నెలాఖరు క్లోజింగ్‌ను వెనక్కి జరపగలరేమో చూసి, ఈ వారంలోనే అక్కడి టాక్స్ లాయర్‌ను కలవమనండి.

కొండారెడ్డి_బురుజు

పైన చెప్పినదంతా సరే. బ్రోకరు కాగితంలోని మిగతా పదాలు చెప్తాను, వాటిని కడప కాంప్లెక్స్‌కే వేసి చూద్దాం.

ఎన్‌ఓఐ అంటే బాడుగలోంచి ఖాళీ నెలలు, నిర్వహణ ఖర్చులు తీసేశాక మిగిలేది. లోను కంతులు, ఆదాయపన్ను ఇందులో కలపరు. మీ కాంప్లెక్స్‌కు ఏడాది బాడుగ 18,00,000. ఖాళీల కింద 5 శాతం, 90,000 తీయండి. ఆస్తిపన్ను, వాచ్‌మన్, లిఫ్ట్ నిర్వహణ, కామన్ కరెంటు, నీళ్లు, ఇన్సూరెన్సు, చిన్నాచితకా రిపేర్లు 2,10,000 అనుకుందాం. ఎన్‌ఓఐ 15,00,000. దాన్ని ధర 3 కోట్లతో భాగిస్తే 5 శాతం, అదే క్యాప్ రేట్. మన బ్రోకర్లు 18 లక్షలను 3 కోట్లతో భాగించి 6 శాతం అని చెప్తారు, అది క్యాప్ రేట్ కాదు. పైగా మన రాష్ట్రంలో స్టాంపు 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ 1, కలిపి 7.5 శాతం పడుతుంది. అది కలిపితే చేతినుంచి పోయేది 3,22,50,000. అప్పుడు రాబడి 4.65 శాతానికి దిగుతుంది.

డల్లాస్‌లో కొనేటప్పుడు ఇదే లెక్క తిరగేసి వాడతారు. ఎన్‌ఓఐ 1,40,000 ఉండి మార్కెట్ క్యాప్ రేట్ 7 శాతం అయితే ధర 20,00,000. అమ్మేవాడు రిపేర్ల ఖర్చు 10,000 దాచిపెట్టి ఎన్‌ఓఐ 1,50,000 అని చూపిస్తే ధర దాదాపు 1,43,000 పెరిగిపోతుంది. అందుకే అమ్మేవాడు వేసిన ఎన్‌ఓఐ నమ్మకుండా, రెండు మూడేళ్ల లెక్కలు, రెంట్ రోల్ తెప్పించుకోవాలి. రెంట్ రోల్ అంటే ఏ షాపులో ఎవరున్నారు, ఎంత కడుతున్నారు, అడ్వాన్సెంత, లీజు ఎప్పుడు ముగుస్తుంది అనే పట్టీ.

ఎస్టాపెల్ సర్టిఫికెట్ ఆ పట్టీకి సాక్ష్యం లాంటిది. బాడుగకున్నవాళ్లే సంతకం పెట్టి, మా లీజు ఇది, అడ్వాన్సు ఇంత, ఓనరుతో తగాదా లేదు, మాకు తగ్గింపు మాటేమీ ఇవ్వలేదు అని రాసిస్తారు. ఓనరు నోటిమాటగా ఆర్నెల్ల బాడుగ వదిలేసిన సంగతి ఇక్కడే బయటపడుతుంది. కడపలో ఆ కాగితం అడగడం అలవాటు లేదు. కానీ అడిగి తీసుకోండి, ముఖ్యంగా షట్టర్లకు గుడ్‌విల్, పెద్ద అడ్వాన్సు ఇచ్చినవాళ్లుంటే. ఆ అడ్వాన్సు రేపు తిరిగివ్వాల్సింది కొత్త ఓనరే. ధరలో తగ్గించుకోకపోతే అది మీ బావమరిది నెత్తిన పడుతుంది.

ట్రిపుల్ నెట్ అంటే ఆస్తిపన్ను, ఇన్సూరెన్సు, నిర్వహణ మూడూ బాడుగకున్నవాళ్లే భరించే లీజు. పైకప్పు, గోడల బాధ్యత ఓనరుదా వాళ్లదా అనేది మాత్రం ఒక్కో లీజులో ఒక్కోలా ఉంటుంది, ఆ పేరా చదవకుండా సంతకం పెట్టకూడదు. మన దగ్గర మామూలుగా జరిగేది గ్రాస్ లీజు, అన్నీ ఓనరువే.

డీఎస్‌సీఆర్ అంటే ఎన్‌ఓఐని ఏడాది లోను కంతులతో భాగించగా వచ్చేది. 15 లక్షల ఎన్‌ఓఐకి 12 లక్షల కంతులుంటే 1.25. అంతకంటే తగ్గితే బ్యాంకులు ఇబ్బంది పెడతాయి. ఎల్‌టీవీ అంటే ఆస్తి విలువలో లోను శాతం, అంతే.

ఇక్కడ నా అభిప్రాయం గట్టిగా చెప్తాను. 4.65 శాతం రాబడి ఉన్న కాంప్లెక్స్‌ను అంతకంటే ఎక్కువ వడ్డీ ఉన్న అప్పుతో కొంటే ప్రతి ఏడూ చేతినుంచి పెట్టాల్సిందే. ధర పెరుగుతుందన్న ఒక్క ఆశ మీదే అంతా నిలబడుతుంది. పై అంతస్తులోని బ్యాంకు లీజు ఇంకా ఎన్నేళ్లుందో, రిజిస్టరు అయిందో లేదో చూడండి. ఏడాదికి మించిన లీజు రిజిస్టరు కావాలి. 11 నెలల అగ్రిమెంట్లతో నడిచే షట్టర్లను పదేళ్ల ఆదాయంగా లెక్కేసుకోవద్దు.

ఎన్నారై ఓనరుకు ఇంకో చిక్కుంది. అతనికి బాడుగ కట్టేవాళ్లు సెక్షన్ 195 కింద 31.2 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టుకోవాలి, బాడుగ ఎంత తక్కువైనా సరే. షట్టరు పెట్టుకున్న చిన్న వ్యాపారికి ఈ సంగతి తెలియదు, తర్వాత నోటీసు అతనికొస్తుంది. లోయర్ డిడక్షన్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఆ శాతం తగ్గుతుంది. జీఎస్‌టీ వైపు చూస్తే, రిజిస్ట్రేషన్ లేని ఓనరు రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకు కమర్షియల్ బాడుగకిస్తే 2024 అక్టోబరు 10 నుంచి 18 శాతం బాడుగదారే రివర్స్ చార్జ్‌లో కడతారు. కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారుల జీఎస్‌టీ స్కీము) ఉన్నవాళ్లను తర్వాత మినహాయించారు.

ఒకటి మాత్రం మర్చిపోవద్దు: ఎన్నారైలు, ఓసీఐలు (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు) ఇళ్లు, కమర్షియల్ కొనొచ్చు గానీ వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్‌లు కొనకూడదు. కాంప్లెక్స్ బేరంతో పాటు ఊరి బయట నాలుగెకరాలు కూడా కలిపి ఇస్తామంటే ఆ భాగం ఒప్పుకోవద్దు.

ఏడురోడ్లు_కడప

చానా థ్యాంక్స్. బావమరిదికి ఫోన్లో చదివి వినిపించాను, డబ్బు ఖాతాలోకి రాకుండా ఆపమని చెప్పాడు. ఒక ప్రశ్న: అక్కడ 1031లో కొత్త ఆస్తి కొన్నాక, దాని మీద లోను తీసుకుని ఆ డబ్బు ఇక్కడికి పంపితే తప్పా?

పెన్నా_లెక్కలు

తప్పు కాదు. ఎక్స్చేంజ్ పూర్తయ్యాక కొత్త ఆస్తి మీద లోను పెంచుకుంటే వచ్చే డబ్బు అప్పు, ఆదాయం కాదు, కాబట్టి బూట్ కాదు. చేయకూడనిది దీనికి సరిగ్గా తిరగేసినది: అమ్మకానికి సరిగ్గా ముందు పాత ఆస్తి మీద లోను పెంచుకుని డబ్బు తీసుకుంటే, అది వేషం మార్చిన బూట్ అని ఐఆర్‌ఎస్ వాదించొచ్చు. కొన్న తర్వాత కూడా క్లోజింగ్ టేబుల్ మీదే తీసుకోకుండా, కొంత గ్యాప్ ఇచ్చి, వేరే లోనుగా, వేరే కాగితాలతో తీసుకోవడం మేలు.

కానీ పైన బురుజు గారు చెప్పిన లెక్క ఇక్కడే పట్టుకోవాలి. డాలర్లలో వడ్డీ కట్టి, రూపాయల్లో 4.65 శాతం వచ్చేదాన్ని కొంటున్నారు. రూపాయి తగ్గేకొద్దీ కంతి భారమవుతుంది. పన్ను కోణంలో తప్పు లేదు గానీ పెట్టుబడి కోణంలో నాకు నచ్చలేదు.

ఇక్కడ కొంటే అక్కడి రిటర్నులో ఈ బాడుగ కూడా చూపాలి, ఇక్కడ కట్టిన పన్నుకు క్రెడిట్ తీసుకోవచ్చు. ఇక్కడి బ్యాంకు ఖాతాల మొత్తం ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు అమెరికాకు తెలిపే ఫారం) వేయాలి.

క్లాక్‌టవర్_అనంత

కర్నూలు స్థలం ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబివ్వలేదు కాబట్టి రాస్తున్నా. సెక్షన్ నెంబర్లు 1961 ఆదాయపన్ను చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 చట్టం వచ్చాక నెంబర్లు మారాయి, మీ ఆడిటర్ పాత నెంబరు చెప్పినా అర్థం చేసుకుంటారు.

రైటర్ గారి మాట తప్పు. మన ఆదాయపన్ను చట్టంలో ట్రాన్స్‌ఫర్ అనే మాటకిచ్చిన నిర్వచనంలో అమ్మకం పక్కనే మార్పిడి కూడా ఉంది. రూపాయి చేతులు మారకపోయినా ఇద్దరూ తమ తమ ఆస్తి అమ్మినట్టే. మీరు పొందే షాపు విలువ మీకు వచ్చిన ప్రతిఫలం, అతను పొందే స్థలం విలువ అతనికి. ఇచ్చే ఆస్తికి రిజిస్ట్రార్ ఆఫీసు మార్కెట్ విలువ ఆ ప్రతిఫలంకంటే 10 శాతం మించి ఎక్కువుంటే సెక్షన్ 50సీ కింద ఆఫీసు విలువనే తీసుకుంటారు. స్టాంపు కూడా రెండింట్లో ఎక్కువ విలువున్న ఆస్తి మీద పడుతుంది. అమెరికా 1031 లాంటిది మనకు లేదు. షాపు అమ్మి షాపు కొంటే మన దగ్గర మినహాయింపే లేదు, ఎంత తొందరగా కొన్నా.

తాత నుంచి వచ్చిన ఆస్తి కాబట్టి తాత కొన్న ధరే మీ ధర. 2001 ఏప్రిల్ 1కి ముందుదైతే ఆ తేదీ నాటి మార్కెట్ విలువ వేసుకోవచ్చు, అయితే ఆనాటి స్టాంపు విలువను మించకూడదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో 1-4-2001 నాటి విలువ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టుకోండి, ఇది లేకుండా ఏ లెక్కా తేలదు.

తర్వాత ఏ రేటు? రెసిడెంటు వ్యక్తికి, 2024 జూలై 23కు ముందు వచ్చిన స్థలం, భవనం అయితే రెండు దారులున్నాయి: ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలను బట్టి కొన్న ధరను పెంచి లెక్కేయడం) లేకుండా 12.5 శాతం, ఇండెక్సేషన్‌తో 20 శాతం. ఏది తక్కువైతే అది. 2001 విలువ 5,00,000, ఇప్పటి విలువ 80,00,000 అనుకుంటే మొదటి దారిలో 75,00,000 మీద 9,37,500. 2025-26 ఇండెక్స్ 376 వేస్తే ధర 18,80,000 అవుతుంది, 61,20,000 మీద 20 శాతం 12,24,000. ఇక్కడ ఇండెక్సేషన్ నష్టం. అదే 2012-13లో 20,00,000కు కొని 45,00,000కు అమ్మితే మొదటి దారిలో 3,12,500. రెండో దారిలో ఆ ఏటి ఇండెక్స్ 200 కాబట్టి ధర 37,60,000కు చేరి, 7,40,000 మీద 1,48,000. ధర ఎన్నో రెట్లు పెరిగిన పాత స్థలానికి 12.5, నెమ్మదిగా పెరిగినదానికి 20 కలిసొస్తుంది. పైన 4 శాతం సెస్సు ఉంటుంది. ఎన్నారైలకు ఈ రెండో దారి లేదు.

పన్ను తగ్గించుకోవడానికి మీకున్నవి రెండు. 54ఈసీ బాండ్లు: ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ, ఐఆర్‌ఎఫ్‌సీ లాంటి ప్రభుత్వ సంస్థలవి, మార్పిడి తేదీ నుంచి 6 నెలల్లో 50 లక్షల దాకా, 5 ఏళ్లు కదల్చకూడదు. వాటిని తాకట్టు పెట్టి లోను తీసుకున్నా మినహాయింపు పోతుంది. రెండోది 54ఎఫ్, ఇల్లు కొనడం లేదా కట్టడం. కొనడానికి రెండేళ్లు, కట్టడానికి మూడేళ్లు. మార్పిడి నాటికి మీకు ఒకటికి మించి ఇళ్లు ఉండకూడదు. లాభం కాదు, అమ్మకపు మొత్తం పెడితేనే పూర్తి మినహాయింపు. సగం పెడితే సగానికే. రిటర్ను గడువులోపు ఖర్చు కాని డబ్బును క్యాపిటల్ గెయిన్స్ అకౌంట్‌లో వేయాలి, మామూలు ఎఫ్‌డీలో వేస్తే చెల్లదు.

కానీ మార్పిడిలో మీకు డబ్బు రాదు కదా. పన్నుకూ, బాండ్లకూ, ఇంటికీ డబ్బు బయటినుంచి తేవాలి. ఈ ఇబ్బంది దస్తావేజు రాసేదాకా ఎవరికీ తట్టదు.

చిన్నాన్న కొడుకు వైపూ చూడండి. ఆ షాపును అతను తన వ్యాపారానికి వాడి పుస్తకాల్లో డిప్రిసియేషన్ చూపిస్తూ వచ్చుంటే, ఎన్నేళ్లదైనా సెక్షన్ 50 కింద షార్ట్ టర్మ్ లాభంగా చూస్తారు. బేరానికి ముందే అతని ఆడిటర్‌ను అడిగించండి.

ఏడురోడ్లు_కడప

మార్పిడి బదులు ఒకరికొకరం గిఫ్ట్ డీడ్ రాసుకుంటే? బంధువులే కదా.

క్లాక్‌టవర్_అనంత

వద్దు సార్. పన్ను చట్టంలో బంధువుల జాబితాలో చిన్నాన్న ఉన్నారు గానీ చిన్నాన్న కొడుకు లేడు. అతనిచ్చిన షాపు స్టాంపు విలువ మొత్తం మీ ఆదాయంలో కలిసి శ్లాబు రేటు పడుతుంది, అది 12.5 కంటే ఎంతో ఎక్కువ. పైగా నువ్విస్తే నేనిస్తా అని ఒకేసారి రాసుకున్న రెండు గిఫ్టులను మార్పిడి అనే చూస్తారు.

ఒకే ఒక్క దారి పరిశీలించదగ్గది. ఆ స్థలమూ, ఆ షాపూ రెండూ తాత ఉమ్మడి ఆస్తిలోవే అయ్యుండి ఇంతవరకు భాగ పరిష్కారం జరగకపోతే, పంపకం దస్తావేజులో షాపు మీ వాటాకూ స్థలం అతని వాటాకూ వచ్చేలా రాసుకోవచ్చు. ఉమ్మడి కుటుంబ ఆస్తి పంపకం ట్రాన్స్‌ఫర్ కాదు. కానీ స్థలం ఇప్పటికే మీ ఒక్కరి పేరు మీదుందని రాశారు, ఆ షాపు చిన్నాన్న సొంత సంపాదనతో కొన్నదైనా కావచ్చు. అలాంటప్పుడు పంపకం అని రాసినా నిలవదు. స్థలం మీ పేరుకు ఏ కాగితం ద్వారా వచ్చిందో, వీలునామానా, పాత పంపకమా, ఆ లింకు డాక్యుమెంటు, షాపుకు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) రెండూ తీసి పెట్టండి. అవి చూశాకే తర్వాతి మాట.

కొండారెడ్డి_బురుజు

ఒక చేర్పు. రేపెప్పుడైనా మీ బావమరిది లాంటి ఎన్నారై దగ్గర మీరు ఆస్తి కొంటే, 50 లక్షలు, ఆపైన అయితే 1 శాతం టీడీఎస్ అనే మామూలు నియమం అక్కడ పనికిరాదు. సెక్షన్ 195 కింద, లాంగ్ టర్మ్ లాభమైతే 12.5 శాతం, దానిపైన సర్‌చార్జి, సెస్సు. అమ్మేవాళ్లు లోయర్ డిడక్షన్ సర్టిఫికెట్ తేకపోతే లాభం మీద కాకుండా మొత్తం ధర మీద పట్టుకోవడమే క్షేమం. 1 శాతమే పట్టుకుని రిజిస్ట్రేషన్ చేయించుకుంటే మిగతా పన్ను, వడ్డీ కొన్నవాళ్ల దగ్గరే వసూలు చేస్తారు. ఆ సర్టిఫికెట్ రావడానికి వారాలు పడుతుంది కాబట్టి అగ్రిమెంటు రోజే దరఖాస్తు పెట్టించండి.